కాలావర్త కథాక్రీడయు దాని తుట్టతుద విడుదలయు

ఉపోద్ఘాతము

కడ, తుద, మొదలు మున్నగు శబ్దముల కామ్రేడితము పరమగునపుడు కట్టకడ, తుట్టతుద, మొట్టమొదలు అను రూపములు గలుగునని తెనుఁగు వ్యాకరణము చదువు బాలురకును దెలియును. ఇందొక విశేషము గలదు. మిక్కిలి చివరిదానిని జెప్పవలసినచో మన భాష యా శబ్దమునే రెండుమాఱు లుచ్చరించును. ఒక్కమాఱు తుద యన్నచోఁ జాలదు. తుదకును దుద యుండవలెను. ఈ సంధికార్యమును ముప్పదియేండ్లుగా బాలురకు బోధించుచున్నవాఁడనే యైనను, దాని యర్థగాంభీర్యమును నాకుఁ దెలిపినది యొక యాట యని చెప్పుటకు సంకోచింపను.

గడచిన దసరా సెలవులలో, నాయొద్దఁ బూర్వము లఘుకౌముది చదివి యిప్పుడు కంప్యూటర్ల పని చేయుచున్న శిష్యుఁ డొకఁడు మా యింటికి వచ్చి పది దినము లుండెను. వాఁడు వెంటఁ దెచ్చిన యంత్రమునం దొక యాటను జూపి, "అయ్యవారూ, ఇది యాడుటకుఁ గాదు, చదువుటకు" అనెను. కాలక్షేపమునకైన వస్తువు లీ కాలపు పిల్లలకు గ్రంథములుగాఁ దోఁచుచున్నవే యని నేను రెండుదినములు దానివంకఁ జూడనైతిని. మూఁడవనాఁటి సాయంకాలము వాఁడు మీటలు నొక్కుచు, అందలి యాంగ్లలేఖనములను జదివి తెనుఁగునఁ జెప్పుచుండఁగా వినుట కారంభించితిని. వాఁడు పయనమగువఱకును విడువలేదు.

సాహిత్యపరిశోధనమునకై వెలసిన పత్రికలో నాటల చరిత్ర మేల యని కొందఱు విద్వాంసు లాక్షేపింపవచ్చును. ఇది పూర్వపక్షము. శ్రవ్యమును దృశ్యమును రెండును గావ్యమే యని మన యాలంకారికు లంగీకరించిరి. ప్రేక్షకుఁడే పాత్రయై, చెదరియున్న లేఖనములను వెదకి చదివి, కథను దానే సమకూర్చుకొనునట్టి మూఁడవతెగ రచన యొకటి పుట్టినచో దానిని బరిశీలించుట మన పనియే కాని యన్యుల పని కాదు. అంతియ కాదు. ఒకే కృతిని గర్తలే పెక్కుమాఱులు సంస్కరించి విడుదలచేసిన చరిత్రము దీనియందుఁ గలదు. పాఠనిర్ణయము మన వృత్తి. వల్లెవేఁత నిష్ప్రయోజనమని నేఁడు మన పాఠశాలలలో వినవచ్చు నపవాదమునకును దీనివలన నొక సమాధానము దొరకును. కావున విచారము యుక్తమే.

ముందుగా నొక మనవి. ఈ క్రీడయందుఁ గథ యెఱుఁగకపోవుటయే మూలధనము. దీనిని స్వయముగా నాడఁ దలఁచువా రీ వ్యాసము నిచ్చటనే నిలిపి, ఆడిన పిమ్మటఁ జదువుదురు గాక.

శబ్దార్థనిర్ణయము

ఒక కాలఖండము ముగిసినంతనే మరల మొదటినుండి యారంభమగుచు, అందలి జనులెల్లరు జరిగినదానిని మఱచుచు, ఒక్కనికి మాత్రము జ్ఞాపకము నిలుచునట్టి కథను గాలావర్త కథ యని వ్యవహరించుచున్నాను. ఆవర్తమనఁగా సుడి. యుగకల్పాదుల కాలచక్రమునకును దీనికిని భేదము గలదు. ఒక కల్పమునఁ జరిగినదానివంటిది వేఱొక కల్పమున జరుగును, అది సాదృశ్యము. కాలావర్తమునందు మరల వచ్చునది యా దినమే, ఇది తాదాత్మ్యము. యోగవాసిష్ఠమునందలి భుశుండుఁడు మేరువుమీఁద నుండి సృష్టు లనేకములు మరల మరల వచ్చుటను జూచి, వానిని జ్ఞాపకముంచుకొన్నవాఁడు. ఆ కాకము ప్రస్తుత కథానాయకునకు మిక్కిలి దగ్గఱి చుట్టమే యైనను, అతఁడు చూచినది కల్పపరంపర కాని యొకే దినముయొక్క యావృత్తి కాదు. ఈ భేదమును మఱచి, సర్వమును మన పురాణములయందే యున్నదనుట శాస్త్రదృష్టి కాదు.

పూర్వచరిత్రము

పాశ్చాత్యులలో నిట్టి కథ యిరువదవ శతాబ్దమునందు రూపుదాల్చెను. 1915లో ఉస్పెన్‌స్కీ యను రష్యాదేశపు తత్త్వవేత్త ఇవాన్ ఓసోకిన్ అనువాని వింతజీవితమును నవలగాఁ బ్రకటించెను. అందు నాయకుఁడు తన బ్రదుకును మరలఁ బొందియు, జ్ఞాపక మున్నప్పటికిని దొంటి పొరపాటులనే చేయును. 1941లో మాల్కమ్ జేమ్సన్ అను నమెరికాదేశీయుఁ డొకే దినము మరల మరల వచ్చు కథానిక వ్రాసెను. 1973లో రిచర్డ్ లూపాఫ్ రచించిన కథానికలో నావర్తము పట్టపగలు పండ్రెండుగంటల యొక నిమిషమున మొదలగును. 1986లో కెన్ గ్రిమ్‌వుడ్ 'రీప్లే' యను నవలను వెలువరించెను. 1993లో హెరాల్డ్ రేమిస్ దర్శకత్వమున వచ్చిన 'గ్రౌండ్‌హాగ్ డే' యను చలనచిత్రముచే నీ కథారీతి లోకమున సుప్రసిద్ధమయ్యెను.

పుస్తకమునను జిత్రమునను జదువరి వెలుపల నుండును. సుడిలోఁ దిరుగువాఁడు నాయకుఁడు. క్రీడయం దట్లు కాదు. క్రీడలలో నాడువాఁ డోడినచో మరల మొదటినుండి యాడుట మొట్టమొదటినుండి యున్న యాచారమే. అనఁగా నాటయొక్క స్వభావమే యావర్తము. ఆ స్వభావమును దాఁచక, దానినే కథగాఁ జేయవచ్చునని తోఁచినవా రీ మార్గమునకుఁ గర్తలు. జపానుదేశమున 2000వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదిని నింటెండో సంస్థవారు విడుదలచేసిన 'మజోరాస్ మాస్క్' అను క్రీడ వీనిలోఁ బ్రసిద్ధము. మూఁడు దినములలోఁ జంద్రుఁడు భూమిపైఁ బడనుండఁగా, నాయకుఁడగు బాలుఁడు వేణుగానముచే మొదటి దినపు వేకువకు మరలుచుండును. ఊరివా రతని యుపకారముల నెల్ల మఱతురు, బాలుఁడు మఱవఁడు. ఈ మార్గమునఁ బుట్టి, దానిని బరాకాష్ఠకుఁ గొనిపోయినది ప్రస్తుత కృతి.

గ్రంథోత్పత్తి

ఈ కృతి పేరు 'ఔటర్ వైల్డ్స్'. తెనుఁగున బాహ్యారణ్యము లనవచ్చును. ఇదే 2019లో 'ది ఔటర్ వరల్డ్స్' అను వేఱొక క్రీడయు వెలువడినందున, నామసామ్యముచే రెంటినిఁ గలపరాదు.

దీని మూలకర్త యలెక్స్ బీచమ్. అమెరికాదేశమున లాస్ ఏంజెలిస్ నగరమందలి దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున నతఁడు పట్టపరీక్షకై సమర్పించిన ప్రబంధమే దీని ప్రథమరూపము. సాధారణముగాఁ బ్రబంధములు పరీక్షకులును జెదలును మాత్రమే చదువఁగా, దీని ప్రాథమికపాఠము గోరినవారికెల్ల నుచితముగా నీయఁబడినది. 2015లో స్వతంత్ర క్రీడోత్సవమున దీనికి షేమస్ మెక్‌నాలీ పేర నున్న మహాపురస్కారమును, రచనాకౌశలమునకైన పురస్కారమును లభించెను. అప్పటికిది యసంపూర్ణము.

పిమ్మట, నటుఁడుగా బ్రసిద్ధుఁడైన మాసి ఓకా స్థాపించిన మోబియస్ డిజిటల్ అను సంస్థ దీనిని బూర్తిచేయఁ బూనుకొనెను. 2015 ఆగస్టులో ఫిగ్ అను చందాల వేదికద్వారమున 1,25,000 డాలర్లకుఁ బైగా సమకూడెను. మన పూర్వులు గ్రంథముద్రణమునకుఁ బూర్వము చందాదారుల పట్టికను సేకరించిన తెఱఁగే యిది. తరువాత దీనిని బ్రకటించినవా రన్నపూర్ణా ఇంటరాక్టివ్ అనువారు. లోఆన్ వెర్నో రచనాక్రమమునఁ బాలుపంచుకొనెను. లేఖనములను బ్రధానముగా వ్రాసినది మూలకర్త సోదరియగు కెల్సీ బీచమ్. సంగీతము ఆండ్రూ ప్రాలో కూర్చెను.

సంపూర్ణపాఠము 2019వ సంవత్సరము మే నెల 28వ తేదిని వెలువడెను. 2020 ఏప్రిల్‌లో బ్రిటిష్ అకాడమీవా రుత్తమ క్రీడా పురస్కారముతోఁ గూడ మూఁడు పురస్కారములు దీని కిచ్చిరి. 2021 సెప్టెంబరు 28వ తేదిని 'ఎకోస్ ఆఫ్ ది ఐ' యను ననుబంధము వెలువడెను. ఇదియే మొదటిదియుఁ దుదిదియునైన యనుబంధమని కర్తలే చాటిరి. 2022లోను, 2023 డిసెంబరులోను వేఱువేఱు యంత్రములకై వచ్చిన విడుదలలు కాగితము మార్చి వేసిన ముద్రణములవంటివి. కావున గ్రంథదృష్టితోఁ దుట్టతుద విడుదల 2021 నాఁటిదే.

కథాసంగ్రహము

ఒక చిన్న సూర్యకుటుంబము. అందడవులతో నిండిన యొక చిన్న గ్రహము. దానియందలి జనులు నాలుగు కన్నులవారు. వారి పేర్లు గాబ్రో, ఫెల్డ్‌స్పార్, చెర్ట్, స్లేట్ ఇత్యాదులు. ఇవన్నియు రాళ్లయొక్కయు ఖనిజములయొక్కయు నామములే. ఆడువాఁడు వారిలో నొక యువకుఁడు. చలిమంటప్రక్క నిద్రమేల్కాంచి, యాకాశనౌకలో దొలిపయనమునకు సిద్ధపడుచుండును. ఇరువదిరెండు నిమిషములు గడచునప్పటికి సూర్యుఁడు బ్రద్దలై సర్వమును దహించును. కన్ను తెఱచి చూచినచో మరల నదే చలిమంట, అదే రాత్రి.

ఇందు ధనము లేదు, ఆయుధము లేదు, బలవృద్ధి లేదు. ఒక సుడినుండి మఱియొక సుడికిఁ గొనిపోవఁదగినది జ్ఞానమొక్కటియే. నౌకకుఁ గావలసిన సంకేతమును మొదటిమాఱు గ్రామమునఁ దిరిగి తెచ్చుకొనవలెను. రెండవమాఱది జ్ఞాపకముననే యుండును. సర్వము నెఱిఁగినవాఁడు తుదిరహస్యమును మొదటి యిరువదిరెండు నిమిషములలోనే ముట్టఁగలఁడు. కాని యెఱుకకుఁ బదిపండ్రెండు సాయంకాలములు పట్టును. వాకిలి మూయఁబడి లేదు, మనకుఁ గనఁబడకున్నది. శాస్త్రాధ్యయనముయొక్క స్వరూప మింతకంటె భిన్నమా?

ఆ యాకాశమున నింతకుఁ బూర్వము రెండులక్షల సంవత్సరములకుఁ బైగా గడచిన కాలమున నోమాయ్ అను త్రినేత్రజాతివారు వసించిరి. విశ్వమునకంటెఁ బ్రాచీనమైన 'విశ్వనేత్రము' అను వస్తువునుండి వచ్చిన సంకేతము నొక్కమాఱు విని, దానిని వెదకుచు వచ్చి, నౌక చెడి, యిచ్చటఁ జిక్కుకొనిరి. వారి లిపి విద్వాంసులు చూడఁదగినది. ఒకఁడు గోడమీఁద శంఖావర్తముగా నొక వాక్యమును వ్రాయును. వేఱొకఁడు దానికి బదులుగా నా సుడినుండియే మఱియొక సుడిని శాఖగాఁ జీల్చి వ్రాయును. మూలమును, వ్యాఖ్యయు, వ్యాఖ్యకు వ్యాఖ్యయు నొకే చెట్టుకొమ్మలవలె నుండును. మన తాళపత్రముల యంచులయందలి టిప్పణములు చదివినవారికి దీనిని జదువుట యలవాటైన పనివలెనే యుండును.

ఆ నోమాయ్‌లు కాలమును వెనుకకుఁ ద్రిప్పు యంత్రమును గట్టిరి. దానికి సూర్యవిస్ఫోటమంత శక్తి కావలెను. సూర్యునిఁ బ్రేల్చఁజూచి విఫలులైరి. ఇంతలో నొక తోఁకచుక్క గర్భమునందలి విషపదార్థము ప్రేలి, యందఱును నొక్కమాఱుగ నశించిరి. యంత్రము నిలిచెను. లక్షల యేండ్లు గడచి, సూర్యుఁడు తన వయస్సు తీఱి తానే ప్రేలఁగా, యంత్ర మా శక్తితో మేల్కొనెను. విశ్వనేత్రమును వెదకుటకై ప్రతిసుడియందు నొక దూతయంత్రమును వేఱొక దిక్కునకు విసరుచుండెను. చలిమంటయొద్దఁ గన్నుతెఱచినంతనే యాకాశమునఁ గనఁబడు మెఱుపదియే. సర్వము యథాపూర్వముగ నుండఁగా, మాఱునది యా మెఱుపు దిక్కొక్కటియే. అట్లు తొంబదిమూఁడు లక్షల సుడులకుఁ బైగాఁ దిరిగినపిమ్మట నేత్రము దొరకెను. అప్పుడు యంత్రము తన స్మృతిప్రతిమను మేల్కొలిపి, యెదుట నిలిచిన యువకుని మనస్సుతో ముడివేసెను. కథ యక్కడ మొదలగును.

వ్యాకరణ విచారము

పాణిని క్రియాసమభిహారమునందు ధాతువునకు యఙ్ ప్రత్యయమును విధించెను. క్రియాసమభిహారమునకు వ్యాఖ్యాతలు రెండర్థములు చెప్పిరి: పౌనఃపున్యము, భృశార్థము. అనఁగా మరల మరల చేయుటయు, మిక్కిలిగఁ జేయుటయు. జాజ్వల్యమానము, దేదీప్యమానము అని సూర్యునిఁ బట్టి మన మనునవి యిట్టి రూపములే. అందు ధాతువు రెండుమాఱులు పలుకఁబడును; ఆ ద్విత్వమునందలి పూర్వభాగమునకు శాస్త్రమున అభ్యాసమని సంజ్ఞ. ఈ క్రీడయందు సూర్యుఁడు మరల మరల జ్వలించుచున్నాఁడు, ఇది పౌనఃపున్యము. ఆడువాని యెఱుక ప్రతిమాఱును దీవ్రమగుచున్నది, ఇది భృశార్థము. యంత్రమునకు మొదటిదే కలదు. మనుష్యునకు రెండును గలవు.

మఱియొక విశేషము. ఆభీక్ష్ణ్యార్థమున ణముల్ ప్రత్యయము వచ్చి, స్మారం స్మారం అని ద్విరుక్తి యగును. మరల మరలఁ దలఁచి యని యర్థము. అచ్చట రెండు క్రియలకును గర్త యొక్కఁడే కావలెను. తెనుఁగున క్త్వార్థకమునకును నిదియే న్యాయము: 'చదివి తెలిసెను' అనుచోఁ జదివినవాఁడే తెలిసికొనవలెను. కర్త భిన్నుఁడైనచో వాక్యము చెడును. ఈ న్యాయమును గథకు సమన్వయింతము. తొంబదిమూఁడు లక్షల సుడులలో జనులు చనిపోయిరి, మేల్కొనిరి. కాని చనిపోయినవానికిని మేల్కొన్నవానికిని నడుమ స్మృతి లేదు. స్మృతి లేనిచో సమానకర్తృకత్వము సిద్ధింపదు. అది సిద్ధింపనిచో 'మరల' యను మాటకే చోటు లేదు. యంత్రమునకు లెక్క గలదు గాని యనుభవము లేదు. ఒక్కనికి స్మృతి కలిగిన క్షణమున మాత్రమే యావృత్తి నిజముగ నావృత్తి యయ్యెను.

వల్లెవేఁతను నిందించువా రిచ్చటఁ గొంచెము నిలువవలెను. వేళ్లమడఁతలపై నెన్నిమాఱులు వల్లించెనో లెక్కించు బాలుఁడు తొంబదిమూఁడు లక్షల సుడుల యంత్రమువంటివాఁడు. పదవమాఱు వల్లించునపుడు తొమ్మిదవమాఱు దాను గమనింపని యొక యక్షరమును గమనించు బాలుఁడు స్మృతిగల పథికుఁడు. వెలుపలనుండి చూచువానికి రెండును నొకేతీరుగ వినఁబడును. దోషము వల్లెయందు లేదు. మెలఁకువ లేని వల్లెయందుఁ గలదు. ఈ భేదమును గుఱుతింపక వల్లెను సమూలముగఁ ద్రోసివేయుట, యంత్రముపైఁ గోపముతోఁ బథికుని జంపుటయే. అట్లని మన పాఠశాలలయందలి వల్లె యంతయు మెలఁకువతోఁ గూడినదే యని వాదించుటకును నాకు ధైర్యము లేదు. ఆ లోపము మనది.

పాఠనిర్ణయము: ప్రక్షిప్తమా, శేషపూరణమా?

ఇప్పుడు పాఠచర్చ. 2019 నాఁటి పాఠమే శుద్ధమనియు, 2021 నాఁటి యనుబంధము పిమ్మటఁ జేర్చిన ప్రక్షిప్తమనియు నొకఁ డనవచ్చును. ఆ యనుబంధమున నదే యాకాశమునఁ గనఁబడకుండఁ దెరచాటున దాఁగియున్న యొక మహానౌక గలదు. దానియందలి జాతివారు నోమాయ్‌లకంటెఁ బూర్వమే విశ్వనేత్రమును జేరి, దాని ప్రభావమునకు వెఱచి, దాని సంకేతము నణఁచి, తాము కలలోకమున మఱఁగుపడిరి. వారిలో నొక్కఁడు మాత్ర మా సంకేతమును గొంచెముసేపు విడిచిపెట్టి, తన వారిచేఁ జెఱపాలయ్యెను.

నేను దీనిని శేషపూరణ మని నిర్ణయించుచున్నాను. హేతువులు మూఁడు. మొదటిది, కర్తృత్వము: అదే సంస్థ దీనిని రచించినది. రెండవది, ఆకాంక్ష: నోమాయ్‌లకు సంకేత మొక్కమాఱు వినఁబడి యేల మాయమయ్యెనో తొలిపాఠమునఁ జెప్పఁబడలేదు. ఆ బందీ చేసిన సాహసమే దానికిఁ గారణమని యనుబంధము చెప్పుటచేఁ బూర్వవాక్యముయొక్క యాకాంక్ష తీఱినది. ప్రక్షిప్తము పాఠమునఁ బగులు పుట్టించును. ఇది యున్న పగులును బూడ్చినది. మూఁడవది, ఉపసంహారము: తుదిఘట్టము మాఱలేదు, ఆ బందీని గలిసికొన్నవానికి మాత్ర మా ఘట్టమున నొక తోడు హెచ్చును.

తాత్పర్యలింగములనుబట్టి చూచినను నిదియే సిద్ధించును. ఉపక్రమమునఁ జలిమంట, ఉపసంహారమునఁ జలిమంట. అభ్యాసము గ్రంథమంతటను గలదు. ప్రతిసుడియందును దెలియవచ్చు క్రొత్తవిషయ మపూర్వత. యంత్రమును గట్టినవారు మృతులయ్యును వారి వెదకుట తీఱుట ఫలము. ఇట్లు మీమాంసకుల పరీక్షకు నిలిచిన కృతిని గేవలవినోద మని త్రోయుట న్యాయము కాదు.

తుట్టతుద

మన భాషయందు విడుదల యను మాట కిప్పుడు రెండర్థములు: గ్రంథము లోకమునకు వెలువడుటయు, చెఱనుండి వెలువడుటయు. ఈ కృతియం దవి రెండు నొక్కటియే యగును. తుదిపాఠము వచ్చినది, తుదిఘట్టమున సుడియు విడును. ఆ విడుదల కొక మూల్యము గలదు. కాలమును ద్రిప్పు యంత్రముయొక్క హృదయమును బథికుఁడు తన చేతులతోఁ బెఱికి తీయవలెను. తీసినంతనే సుడి నిలుచును. పిమ్మటఁ జచ్చినచోఁ జచ్చుటయే. అంతవఱకును వేలమాఱులు చావును లెక్కచేయనివాఁ డప్పుడు తొలిసారి చావునకు వెఱచును. ఆ హృదయమును జేతఁబట్టి నోమాయ్‌ల పాతనౌకకుఁ గొనిపోయి, విశ్వనేత్రమును జేరఁగా, నక్కడఁ జలిమంటచుట్టును మిత్రులు తమతమ వాద్యములను వాయింతురు. పాతవిశ్వము ముగిసి క్రొత్తవిశ్వము పుట్టును. 1,430 కోట్ల యేండ్ల పిమ్మటఁ గ్రొత్తజాతు లొక మంటచుట్టుఁ గూర్చున్నట్లు కడపటి చిత్రము.

ఇట్టి కృతులు నిలుచునా యనునది మన పరిషత్తులవంటి సంస్థలు విచారింపవలసిన విషయము. క్రొత్తపాఠము వచ్చినప్పుడెల్లఁ బాఠాంతర మాడువాని యంత్రమునుండి తుడిచివేయఁబడును. పైన నతికించిన వ్రాత యడుగువ్రాతను మ్రింగును. 2010కిఁ బూర్వము అమెరికాలో వెలువడిన క్రీడలలో నూటికి 87 నేఁ డంగడిలో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్‌వారు 2023లోఁ బ్రకటించిరి. ప్రస్తుత కృతిని బ్రకటించిన అన్నపూర్ణా సంస్థయందలి క్రీడావిభాగపు సిబ్బంది యంతయు 2024 సెప్టెంబరులో నొక్కుమ్మడిఁ దొలఁగెను. ప్రకాశకులు శాశ్వతులు కారు. మా పితామహుల నాఁటి తాళపత్రపుకట్ట యొకటి చెదలకు గుఱియై, నేను విప్పునప్పటికి త్రాడును గొయ్యపలకలును మాత్రమే మిగిలినవి. అందేమున్నదో చెప్పఁగలవారు లేరు. సుడి యనఁగా మరల చూడవచ్చునను నాశ. నష్ట మనఁగా నా యాశ పోవుట.

సెలవుల కడపటి రాత్రి యంత్రహృదయమును దీయవలసిన చోట శిష్యుఁడు మీటపైనుండి వ్రేలు తీసి నావంకఁ జూచెను. వాఁడీ కథ నైదేండ్లక్రిందటనే ముగించినవాఁడు. తెలిసినదానిని దెలియకపోవుట సాధ్యము కాదు గనుక వానికి రెండవ మొదటిమాఱు లేదు. "తెలియనివారి ప్రక్కఁ గూర్చుండి చూచుటయే నాకు మిగిలిన దారి, అయ్యవారూ, అందులకే తెచ్చితిని" అనెను. నాకప్పుడు ముప్పదియేండ్ల నా వృత్తి యర్థమైనది. ప్రతిసంవత్సరము నదే యచ్చులు, అవే హల్లులు, అదే యామ్రేడితసంధి. నాకుఁ బునరుక్తి, ఎదుటనున్న బాలునకు మొట్టమొదటిమాఱు. ఆ బాలుని కన్నులలో మెఱుపు పుట్టినప్పు డాకాశమున దిక్కుమాఱిన యొక మెఱుపు నాకును గనఁబడుచునే యున్నది.

తీయుమని చెప్పితిని. వాఁడు తీసెను. ఆ రాత్రి మేము మరల చలిమంటయొద్ద మేల్కొనలేదు.

ఈ కృతియొక్క పాఠచరిత్రమును, తత్సదృశములగు నితరకృతులను బండితులు నిష్పక్షపాతముగ విచారింతురు గాక.